లేవలేక కూర్చున్న ఏడాది

మా దుకాణంలో కుర్చీలు లేవు. మందపాటి పరుపు, దాని మీద రోజూ మార్చే తెల్లటి దుప్పటి. చీరలు కొనడానికి వచ్చినవాళ్లు ఒకవైపు, మేము ఇంకోవైపు, మధ్యలో విప్పిపోసిన చీరల గుట్ట. వరంగల్ బజారులో మా నాన్న పెట్టిన దుకాణం ఇది. ఆయన తర్వాత నేనూ, తమ్ముడు రాజేందరూ కలిసి నడుపుతున్నాం. పెళ్లిబట్టలకు వచ్చిన కుటుంబం పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవదు. వాళ్లు లేచేదాకా మేమూ లేవకూడదు. మధ్యలో లేస్తే బేరం చెదిరిపోతుందని నాన్న అనేవాడు. అరవై దాటేవరకు అది ఒక కష్టమని నాకెప్పుడూ తోచలేదు.

చెడ్డరోజులు కొంత వెనకబడ్డాయి కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. కానీ నాలాగే నోరు మూసుకుని కూర్చున్న మగవాళ్లు ఎంతమంది ఉన్నారో ఈ ఏడాదిలో చూశాను. వాళ్లలో ఒక్కరైనా నాకన్నా ముందే దవాఖానకు వెళ్తే చాలు.

నిరుడు కార్తీకం

పై అరలోంచి పట్టుచీరల కట్ట దించుతుంటే లోపల వెచ్చగా ఏదో జారినట్టయింది. చెమట అనుకున్నాను. కార్తీకమాసంలో చెమటేమిటని అప్పుడు ఆలోచించలేదు. వారం తిరక్కుండానే మళ్లీ అయింది, ఈసారి దగ్గినప్పుడు. తర్వాత పరుపు మీంచి లేచినప్పుడు. ఆ తర్వాత ఏ కారణమూ లేకుండానే.

నిజానికి అంతకుముందు నుంచే శరీరం చెబుతూ వచ్చింది. బాత్రూంకు వెళ్తే చాలాసేపు నిలబడితే గానీ మొదలయ్యేది కాదు. వచ్చిన ధార సన్నగా వచ్చి ఆగిపోయేది. బయటికి వచ్చి చేతులు కడుక్కునేలోపు మళ్లీ వెళ్లాలనిపించేది. వయసు కదా అనుకున్నాను. షుగర్ ఏళ్లుగా ఉంది. మాత్రలు గుర్తుంటే వేసుకునేవాణ్ని, లేకపోతే లేదు.

లోపల చేతిరుమాలు మడిచి పెట్టుకోవడం మొదలుపెట్టాను. లేతరంగు ప్యాంట్లు మానేశాను. రాత్రిళ్లు పక్క గదిలో పడుకోవడం మొదలుపెట్టాను. నా భార్య విజయ ఒకరోజు బట్టలు మడతపెడుతూ, "ఏంది, అన్నీ నల్లయే తొడుగుతానరు? ఎవలన్న చెప్పిన్రా ఏంది?" అని నవ్వింది. నేనూ నవ్వేశాను. నవ్వినందుకు మళ్లీ చుక్కలు పడ్డాయి.

నీళ్లు తగ్గిస్తే ఇది తగ్గుతుందని నా తెలివి. పొద్దున సగం కప్పు చాయ్, మధ్యాహ్నం అన్నంలో గుక్కెడు నీళ్లు, అంతే. పెదాలు పగిలేవి. మూత్రం మండేది. చుక్కలు మాత్రం ఆగలేదు.

మాఘం

పెళ్లిళ్ల నెలలు వచ్చాయి. పాలంపేట నుంచి ఒక కుటుంబం వచ్చింది. వరి పండించే రైతులు. పెళ్లికూతురి నాయనమ్మ చాలా సరదా మనిషి. ఏ చీర విప్పినా, "గిది నేను కట్టుకుంట, పిల్లకు ఇంకోటి చూపియ్యి కొడకా" అంటోంది. అందరూ పగలబడి నవ్వుతున్నారు. నాకు మాత్రం నవ్వు ఆపుకోవడమే పని. మా బజారులో బాత్రూం దుకాణాల వెనక సందులో, మూటలన్నీ దాటుకుంటూ వెళ్తే ఆ చివర ఉంటుంది. ఇన్ని దుకాణాలకూ అదొక్కటే. లేవాలి. కానీ అప్పటికే తడిసిపోయింది. లేస్తే వెనకాల కనిపిస్తుంది, దుప్పటి మీదా కనిపిస్తుంది.

పక్కనున్న వంకాయరంగు గద్వాల చీరను ఒళ్లోకి లాక్కున్నాను. వాళ్లు బేరం ముగించి, మంచినీళ్లు తాగి, చెప్పులు తొడుక్కుని, వీధి దాటేవరకు అలాగే కూర్చున్నాను. తర్వాత కుర్రాళ్లను చాయ్‌కి పంపి ఆ చీరా, దుప్పటీ చుట్టి మూలన పడేశాను.

రాజేందర్ ఆ చీర చేత్తో పట్టుకుని వచ్చాడు. "దీన్నెందుకు పక్కకు పెట్టినవన్నా? మంచిగనే ఉన్నది గద?"

"మరక పడ్డదిరా."

"ఏడ? నాకేం కనవడ్తలేదు."

"పడ్డదని చెప్తాన గద!" గట్టిగా అరిచాను. వాడు చీర అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. తమ్ముడి మీద అలా గొంతు లేపడం నాకు అలవాటు లేదు. వాడికి పడటమూ అలవాటు లేదు.

మర్నాడే మోకాళ్లు నొస్తున్నాయని చెప్పి పై అంతస్తులో సరుకు పెట్టే గదికి మారిపోయాను. అక్కడ ఒక మూల, మూటలు పేర్చి వాడకం మానేసిన బాత్రూం ఉంటే ఖాళీ చేసుకున్నాను. కిటికీ ఉంది, నన్ను చూసే మనిషి లేడు. "పెళ్లిళ్ల సీజన్ల నువ్వు మీదికి పోతానంటే కింద ఎవలు చూస్తరన్నా?" అని వాడు అడిగితే, "నువ్వున్నవ్ గదా" అన్నాను. అలా నా దుకాణంలో నన్ను నేనే బందీ చేసుకున్నాను. కింద బేరాలు, నవ్వులు, చీరల మడతల చప్పుడు వినపడేవి. నేను మూటల మధ్య కూర్చుని బాత్రూం తలుపు వైపు చూస్తూ ఉండేవాణ్ని.

బయటికి వెళ్లడమంటే ముందు బాత్రూంలు ఆలోచించేవాణ్ని. ఏ గుళ్లో ఉంది, ఏ ఫంక్షన్ హాల్లో మెట్లెక్కాలి, ఖిలా దగ్గర ఎంత దూరం నడవాలి. ఊరు మొత్తం నాకు అలాగే కనిపించేది.

రాజేందర్ కూతురు సింధు నిశ్చితార్థం కరీంనగర్‌లో జరిగింది. చుట్టాలందరికీ ఒకే బస్సు పెట్టారు. అంతసేపు బస్సులో, అందరి మధ్య. నాకు జ్వరమని విజయను పంపించాను. సింధు అక్కణ్నుంచి ఫోన్ చేసింది. "పెద్దనాయినా, నువ్వు లేకుంట తాంబూలాలు తీస్కోమంటానరు. జర మాత్ర వేసుకొని రారాదు?" పుట్టిన నాడే నేను చేతుల్లోకి ఎత్తుకున్న పిల్ల. ఏదో గొణిగి ఫోన్ పెట్టేశాను. ఆ రోజు ఇంట్లో ఊపిరాడక దుకాణం పైగదికి వెళ్లాను. కిటికీలో నన్ను ఎదురు దుకాణం ఆయన చూశాడు. మర్నాడు రాజేందర్‌తో, "మీ అన్నకు జ్వరమా? నిన్న మీదనే ఉండె గద" అన్నాడు.

వైశాఖం

ఆ తర్వాత కథ నాకు తెలియకుండానే నడిచింది. నేను హన్మకొండలో వేరే దుకాణం చూసుకుంటున్నానని బజారులో మాట పుట్టింది. పైగదిలో కూర్చుని మంచి సరుకు పక్కకు తీస్తున్నానన్నారు. ఆ వంకాయరంగు చీర సంగతి కూడా ఆ మాటల్లో కలిసింది. రాజేందర్ నన్ను ఏమీ అడగలేదు. వర్ధన్నపేటలో ఉండే మా మేనమామ లక్ష్మయ్యకు ఫోన్ చేశాడు.

మా అమ్మకు తమ్ముడు ఆయన. మా ఇళ్లల్లో ఏ తగవైనా ఆయన వస్తే తేలినట్టే. ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చి ముందుగదిలో కూర్చున్నాడు. రాజేందర్ ఆయన పక్కన కూర్చున్నాడు. విజయ గడప దగ్గర నిలబడింది. నేను ఎదురుగా సోఫాలో. వాళ్లు వస్తారని తెలిసి ముందునాటి సాయంత్రం నుంచే నీళ్లు ముట్టలేదు.

మామ సూటిగా అడిగాడు. "అల్లుడా, వేరు పడాల్నంటే పడు. తప్పులేదు. గని తమ్మునికి చెప్పి పడు. దొంగలెక్క మీదెక్కి కూసునుడేంది?"

"నాకు గా ఆలోచనే లేదు మామా."

"మరేంది? బిడ్డ నిశ్చితార్థానికి రాలే. కింద కూసుంటలేవు. అడిగితె కసురుతవట."

మామ మాట్లాడుతూనే ఉన్నాడు. మా అమ్మను తలచుకున్నాడు, మా నాన్న దుకాణం పెట్టిన రోజులు తలచుకున్నాడు. నాకు పొత్తికడుపు రాయిలా బిగిసింది. లేవబోయాను.

"చూసినవా మామా?" రాజేందర్ నన్ను వేలు పెట్టి చూపించాడు. "నువ్వు మాట్లాడుతాంటె గూడ లేచి పోతాండు."

కూర్చున్నాను. కూర్చోగానే అయిపోయింది. ఈసారి చుక్కలు కాదు. ఆపాలని నా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాను. ఆగలేదు. ముఖం మాత్రం కదలకుండా పెట్టుకున్నాను. ఆ తర్వాత వాళ్లు ఏమన్నారో నాకు సరిగా గుర్తులేదు. చివరికి మామ కండువా దులిపి లేచాడు.

మేనమామ ఇంటికొచ్చి వెళ్తుంటే మా ఇళ్లల్లో అల్లుడు గేటు దాకా వెళ్లి సాగనంపాలి. కాళ్లకు మొక్కాలి. ఆయన నా ముందు నిలబడ్డాడు. నేను లేవలేదు. లేవలేకపోయాను. "మంచిది బిడ్డా" అని మాత్రం అన్నాడు. రాజేందర్ తలుపు గట్టిగా వేసి పోయాడు.

విజయ నా దగ్గరికి వచ్చింది. కోపంతో ఏదో అనబోయి ఆగింది. వాసన వచ్చి ఉంటుంది. ముందు తలుపు గడియ పెట్టింది, కిటికీ పరదాలు లాగింది, లోపలికి వెళ్లి లుంగీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఎన్ని దినాలాయె?"

"కార్తీకం నుంచి."

"గందుకేనా పక్క గదిల పండుకునుడు?" ఆమె గోడకు ఒరిగి నిలబడింది. "నేను ఇంకేందో అనుకున్న. నా మీదనే మనసిరిగిందనుకున్న."

ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాను. డాక్టర్ దగ్గరికి పోదామంటే, "వచ్చే వారం" అన్నాను.

జ్యేష్ఠం

వచ్చే వారం రాకముందే జ్వరం వచ్చింది. పళ్లు టకటకా కొట్టుకునేంత చలి, బయట మాత్రం నెత్తి మాడే ఎండ. పొత్తికడుపు ముట్టుకోనిచ్చేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం బాత్రూం నుంచి వస్తూ పడిపోయాను. విజయ ఇంకెవరికి ఫోన్ చేస్తుంది? రాజేందర్‌కే చేసింది. వాడు దుకాణం అలాగే వదిలి వచ్చాడు. చంకలో చెయ్యేసి ఎత్తి కారులో కూర్చోబెట్టాడు.

దవాఖానలో డాక్టర్ నా కడుపు మీద చెయ్యి పెట్టి నొక్కాడు. స్కానింగ్ చేయించాడు. తర్వాత మామూలుగా, టైం ఎంతైంది అన్నట్టు అడిగాడు. "తెలియకుండా లీక్ అవుతోందా? ఎన్ని నెలలుగా?"

రాజేందర్ మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. నేను గోడవైపు చూశాను. విజయే జవాబు చెప్పింది.

డాక్టర్ నాకు అర్థమయ్యేలా చెప్పాడు. నా మూత్రసంచి ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కావడం లేదట. కింద ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి దారి మూసేసింది, షుగర్ వల్ల సంచి నరాలు మొద్దుబారాయి. నిండిన కుండ పొర్లినట్టు పైది కొంచెం బయటికి వస్తోంది. "మీరు ఎక్కువగా వస్తోందనుకున్నారు. అసలు కష్టం, బయటికి రాకపోవడం. నీళ్లు మానేసి లోపల ఇన్ఫెక్షన్‌ని పెంచుకున్నారు. కిడ్నీల దాకా వెళ్లేది."

పైపు వేశారు. ఆ క్షణం ఎలా ఉందో రాయను. కానీ కడుపు మెల్లమెల్లగా మెత్తబడుతుంటే, ఎన్ని నెలలుగా నేను బిగబట్టుకుని బతికానో అప్పుడు తెలిసింది.

రాజేందర్ బయటికి వెళ్లిపోయాడు. చాలాసేపటికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"గిదానికా అన్నా?" అన్నాడు. "నేను బజార్ల అందరి ముందట నిన్ను ఏమేం అన్ననో తెలుసా నీకు?"

"తెల్వదురా."

"తెల్వనే వద్దు." మంచం అంచున కూర్చున్నాడు. "చెప్తే నేనేమన్న నవ్వుతుంటినా?"

"నవ్వవు. గని నాకు నోరు రాలే."

ఆషాఢం

షుగర్ అదుపులోకి వచ్చాకే ఆపరేషన్ అన్నారు. అప్పటిదాకా పైపు, దానికి మూత్రం సంచి. ఎక్కడికి పోయినా నాతోపాటు అది. వారం వారం చూపించుకోవడానికి వెళ్లాలి. మొదటిసారి ఆ సంచి చేత్తో పట్టుకుని నలుగురిలో నడవలేక గుమ్మంలోనే ఆగిపోయాను. రాజేందర్ కారులోంచి మా దుకాణం బట్టసంచి తీసి, దాన్ని అందులో పెట్టి తన చేతికి తగిలించుకున్నాడు. "నడువు. చీర కొన్నమనుకుంటరు" అన్నాడు. వాడు ఒక అడుగు వెనక, నేను ఒక అడుగు ముందు. ఆ వరండా అంతా అలాగే నడిచాం.

డాక్టర్ గది బయట ఎప్పుడూ కుర్చీలు నిండి ఉండేవి. దాదాపు అందరూ మగవాళ్లే. ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. ఫోన్ చూసేవాళ్లు, నేల చూసేవాళ్లు. మాట్లాడేది మాత్రం వాళ్ల భార్యలు. విజయ పక్కన కూర్చున్నామె భర్త లారీ డ్రైవర్. పొగతాగి తాగి దగ్గు, దగ్గినప్పుడల్లా చుక్కలు. ఇంకొకామె భర్త బడిపంతులు. పక్షవాతం వచ్చి కోలుకున్నాడు కానీ మూత్రం వస్తుందని తెలిసేలోపే అయిపోతోందట. ఇంకొకాయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ అయింది. బాగా లావుగా ఉన్న ఒక పడుచువాడు కూడా ఉన్నాడు, నడుము దెబ్బతిన్నప్పటి నుంచి ఇలాగే ఉందట. మలబద్ధకం ఉన్నా, కొన్ని రకాల మందులు వాడినా ఇలా కావచ్చని డాక్టర్ తర్వాత చెప్పాడు. వయసు పెరిగినకొద్దీ ఎక్కువ, కానీ వయసు వచ్చిందని ఊరుకోవాల్సిన జబ్బు కాదన్నాడు.

"ఇంత మందికి ఉంటదా సార్?" అని అడిగాను.

"ఆడవాళ్లకే వస్తుందనుకుంటారు. వాళ్లకు ఎక్కువే, నిజం. మగవాళ్లకు తక్కువేం కాదు. కాకపోతే వీళ్లు పడిపోయాక వస్తారు, మీలాగా."

శ్రావణం

ఆపరేషన్ అయింది. పైపు తీసేశారు. ఇక అయిపోయిందనుకున్నాను. ఎవరైనా ముందే గట్టిగా చెప్పి ఉంటే బాగుండేదనిపించేది ఇదే: పైపు తీశాక ముందుకన్నా ఎక్కువ కారింది. లేచినా, కూర్చున్నా, తుమ్మినా. పెద్దవాళ్ల డైపర్లు తొడుక్కోవాల్సి వచ్చింది. వానాకాలం ఉక్కలో తొడలు ఒరుసుకుపోయేవి. దుకాణంలో వరలక్ష్మీ వ్రతం బేరాలు, నేను ఇంట్లో ఒక గదిలో. నా బతుకంతా ఇక ఇంతేనని నిశ్చయించుకున్నాను. విజయ అన్నం పెడితే కంచం తోసేసేవాణ్ని. ఆమె ఒకరోజు ఆ కంచం మళ్లీ నా ముందు పెట్టి, "కోపమొస్తె నా మీద తియ్యుండ్రి. అన్నం మీద తియ్యకుండ్రి" అంది. ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

దవాఖానలో ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి, మా సింధు వయసుది, కింది కండరాలు బిగించే వ్యాయామం నేర్పింది. మూత్రం మధ్యలో ఆపుతున్నట్టు బిగించి, వదిలి, మళ్లీ బిగించాలి. నేను సిగ్గుతో తలెత్తలేదు. "అంకుల్, మీరు కడుపు బిగిస్తున్నారు. అది కాదు" అని ఆమె ఓపిగ్గా మళ్లీ చెప్పింది. రోజూ చేశాను. చాలా రోజులు ఏ తేడా లేదు. తర్వాత ఒకరోజు మధ్యాహ్నం దాకా డైపర్ పొడిగా ఉందని గమనించాను. మర్నాడు మళ్లీ తడి. ఇలాగే, ఒకడుగు ముందుకు, అరడుగు వెనక్కు.

ఆ రోజుల్లోనే లక్ష్మయ్య మామ చూడటానికి వచ్చాడు. రాజేందర్ ఆయనకు అంతా చెప్పాడు. ఆయన మాత్రం మెత్తబడలేదు. "చెప్పకపోవుడు తప్పే అల్లుడా. ఇల్లు రెండు ముక్కలయ్యేది" అన్నాడు. నేను లేచి ఆయన కాళ్లకు మొక్కాను. విజయ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. మామ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"పైపు ఏస్తే బాగ నొస్తదా?"

"ఎవరికి మామా?"

"ఎవలో. మా ఊర్లె ఒకాయన అడిగిండు."

నేను ఆయన ముఖంలోకి చూడలేదు. చూస్తే లేచి పోతాడని భయం. "జరసేపే నొస్తది మామా. అందరికీ పైపు ఎయ్యరు. కొందరికి మాత్రలతోనే తగ్గుతది. ఆయన్ను ఒకసారి రమ్మను, నేను తోల్కపోత."

"చెప్త" అని మామ చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఇప్పుడు

దసరా ముందు దుకాణానికి తిరిగి వెళ్లాను. అంతా పోయిందని చెప్పను. గట్టిగా తుమ్మితే ఇప్పటికీ ఒకటి రెండు చుక్కలు. బేరం మధ్యలో లేవాల్సి వస్తే లేస్తున్నాను. "అన్న ఇప్పుడే వస్తడు, మీరు గీ చీర చూస్తాండుండ్రి" అని రాజేందర్ బేరం అందుకుంటాడు. ఇప్పటిదాకా దానివల్ల ఏ బేరమూ చెడలేదు. నీళ్లు తాగుతున్నాను, షుగర్ మాత్ర మానడం లేదు.

మామకు రెండుసార్లు ఫోన్ చేశాను. ఆ 'ఊర్లె ఒకాయన' సంగతి ఎత్తితే మాట మార్చేవాడు. నాకు తెలుసు, ఆ మాట మార్చడం ఎంత కష్టమో. మూడోసారి చేయలేదు.

పోయిన వారం దుకాణం తెరుస్తుంటే ఆయనే కనబడ్డాడు. వర్ధన్నపేట బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. చంకలో ఒక సంచి, నల్ల ప్యాంటు. ఆయన పంచె తప్ప ఇంకేదీ కట్టగా నేనెన్నడూ చూడలేదు.

"పా" అన్నాడు.

ఎక్కడికని అడగలేదు. డాక్టర్ గది బయట ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. మామ నేలవైపే చూస్తున్నాడు. నర్సు చీటీ పట్టుకుని బయటికి వచ్చి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీల పేషెంట్ ఎవరు?"

మామ మోకాళ్ల మీద చేతులు ఆనించి, నిదానంగా లేచి నిలబడ్డాడు.

"నేనే బిడ్డా" అన్నాడు.